ఓడ మీది గీత: శామ్యూల్ ప్లిమ్సాల్

విశాఖపట్టణపు రేవున నిలిచిన సరకు ఓడను ప్రక్కనుండి చూచినచో, దాని నడిమి భాగమున ఒక వలయమును, దానిని ఖండించుచు పోవు అడ్డగీతయు కనబడును. చేరువనే మెట్లవలె మరికొన్ని చిన్న గీతలుండును: మంచినీటికొకటి, ఉష్ణమండల సముద్రమునకొకటి, శీతకాలపు సముద్రమునకొకటి. ఏ జలమునకు నియమించిన గీత ఆ జలమున మునుగరాదు. మునిగినచో ఓడ మోయదగినదానికంటె ఎక్కువ బరువు ఎక్కినదన్నమాట. చదువనేర్వని కూలివాడు సైతము గట్టున నిలిచి దీనిని పసికట్టగలడు. ఆంగ్లేయులు ఈ గీతకు శామ్యూల్ ప్లిమ్సాల్ పేరు పెట్టిరి. ఆయన నావికుడు కాడు, ఓడల యజమానియు కాడు, బొగ్గు వర్తకుడు.

ప్లిమ్సాల్ 1824 ఫిబ్రవరి 10వ తేదీన బ్రిస్టల్ నగరమున జన్మించెను. చదువు చిన్ననాటనే ముగిసినది. షెఫీల్డులో ఒక బీరు కర్మాగారమున గుమాస్తాగా చేరి, క్రమముగా దానికి నిర్వాహకుడాయెను. 1853లో లండను చేరి బొగ్గు వ్యాపారమునకు దిగి ఉన్నదంతయు పోగొట్టుకొనెను. అప్పుడు వారమునకు కొలది షిల్లింగులతో, పేదలు తలదాచుకొను వసతిగృహములలో కాలము గడపవలసి వచ్చెను. పిమ్మట వ్యాపారము నిలద్రొక్కుకొనినను, ఆ గృహములలో తన సరసన పరుండిన వారిని ఆయన మరువలేదు. ఎలైజా రెయిల్టన్ అను నామెను వివాహమాడెను. 1868లో డెర్బీ నుండి లిబరల్ సభ్యుడుగా పార్లమెంటులో ప్రవేశించెను.

ఆయన తలపడిన అన్యాయమును గ్రహించుటకు నాటి ఓడల యాజమాన్యపు తీరు తెలియవలెను. బ్రిటిషు చట్టము ప్రకారము ఒక ఓడ 64 వాటాలుగా విభజింపబడును. రేవు పట్టణములలోని దుకాణదారులు, వితంతువులు సైతము ఒకటి రెండు వాటాలు కొని లాభమునకై ఎదురుచూచెడివారు. వారిలో అనేకులు ఆ ఓడ నెక్కి యెరుగరు. నిర్వాహకుడైన యజమాని దానిని బాగుచేయించెనో, రంగు పూయించి ఊరకుండెనో వారికి తెలియదు. బీమా పద్ధతియు ఇట్టిదే. లాయిడ్స్ సంస్థలో ఒకే ఓడకు పలువురు పూచీదారులు తలా కొంత మొత్తమునకు సంతకము చేయుదురు. ఓడ మునిగినపుడు అనుమానము కలిగినను, తన చిన్న భాగమునకై న్యాయస్థానమున కెక్కి ఖర్చుపడుట కంటె చెల్లించి ఊరకుండుటయే ఎవనికి వానికి మేలుగా తోచెడిది. పైగా ఓడ విలువ ముందే ఒప్పందమున వ్రాయబడును. అది అసలు విలువకు మించినచో, ముదుసలి ఓడ తేలుటకంటె మునుగుటయే లాభము!

లాభము పంచుకొనువారు అందరు, బాధ్యత వహించువాడు ఎవడును లేడు. నేడు పలువురు కలిసి ఒక చిన్న విమానమును కొనుచున్న చోట్లను ఈ చిక్కే మరియొక రూపమున తలయెత్తుచుండును. మరమ్మతును వాయిదా వేసినది ఒకరు, నడిపినది వేరొకరు. ప్రమాదము జరిగిన పిదప బీమాపత్రములోని షరతు తగులునది అందరికి.

ఓడలో నావికుని గతి మరింత ఘోరము. ఒప్పందముపై సంతకము చేసిన పిదప, ఓడ చివికినదని తెలిసి ఎక్కనన్నచో వానికి చెరసాల తప్పదు. సముద్రయానమునకు తగిన ఓడను సమకూర్చు బాధ్యత యజమానికి నావికుని యెడల లేదని 1854లో ఒక తీర్పు వెలువడెను. 1862 నాటి చట్టము, యజమాని స్వయముగా దోషి కానిచో, ప్రాణనష్టమునకు సైతము అతని పూచీని ఓడ టన్నుకు 15 పౌనులకు పరిమితము చేసెను.

బరువునకు హద్దుగీత ఉండవలెనన్న ఊహ ప్లిమ్సాల్‌ది కాదు. జేమ్స్ హాల్ అను ఓడల యజమానియే అంతకుముందు ఆ ఉద్యమమును నడిపెను. యజమానులందరు దుర్మార్గులు కారనుటకు ఇంతకంటె నిదర్శనమేల? ప్లిమ్సాల్ దానిని ప్రజల గుండెకు తాకునట్లు చేసెను. 1873లో ఆయన నావికుల దుస్థితిపై ఒక గ్రంథము ప్రకటించెను. అందు ఆవేశము పాలెక్కువ. వినికిడి మాటలను కొన్నిచోట్ల రుజువులుగా గైకొనెను. పరువునష్టపు వ్యాజ్యములు మీదపడెను. అయినను దేశము కదలెను. విచారణకు రాయల్ కమిషన్ ఏర్పడెను గాని, అది నిర్బంధపు గీతను సమర్థింపలేదు.

1875లో ప్రభుత్వమే ఒక బిల్లు తెచ్చెను. జూలై 22వ తేదీన ప్రధాని డిజ్రేలీ దానిని ఆ సమావేశమున విరమించుచున్నట్లు ప్రకటించెను. వ్యవసాయ భూముల బిల్లుకు వ్యవధి కావలసెనట! ప్లిమ్సాల్ నిగ్రహము కోల్పోయెను. ఓడలు మునిగిన ఒక సభ్యుని పేరెత్తి ప్రశ్నించెను, నావికులను మృత్యుముఖమునకు పంపువారిని దుష్టులని నిందించెను, పిడికిలి బిగించి ఆడించెను. సభ ఆయనకు వారము దినములు గడువిచ్చెను. ఆ వారములో ఊరూర సభలు జరిగి, ప్రజలు ఆయన పక్షము వహించిరి. గడువు తీరిన దినమున ఆయన తన దురుసు మాటలకు క్షమాపణ చెప్పుకొనెను; చెప్పిన విషయములను మాత్రము వెనుకకు తీసికొనలేదు. ప్రభుత్వము తొందరపడి ఒక తాత్కాలిక చట్టము చేసి, మరుసటి యేట దానిని స్థిరపరచెను. ఓడ ప్రయాణయోగ్యముగా నుండునట్లు తగిన జాగ్రత్తలన్నియు తీసికొందునన్న పూచీ నావికునితోడి ఒప్పందమున నిమిడి యుండునని 1876 చట్టము శాసించెను. 1854 తీర్పు చేసిన గాయము ఇట్లు మానెను.

గీత మాత్రము వింత గీత! వేయుట విధి, ఎచట వేయుట అన్నది యజమాని ఇష్టము. ఒక కప్తాను దానిని పొగగొట్టము మీద వేయించెనని చెప్పుకొందురు. గీత స్థానమును ప్రభుత్వము నిర్ణయించుటకు 1890 వరకు వేచియుండవలసి వచ్చెను. 1930లో అది అంతర్జాతీయ ఒడంబడికకు ఎక్కెను.

ప్లిమ్సాల్ 1880లో మరల డెర్బీ నుండి గెలిచెను. అంతలో హోంమంత్రి హార్కోర్టు ఉపఎన్నికలో ఓడిపోగా, మంత్రి చేతనైనను నావికులకు మేలు జరుగునని తలచి తన స్థానమును ఆయనకు వదలెను. ఆ త్యాగము ఆశించిన ఫలము నీయలేదు. పిమ్మట నావికుల సంఘమునకు అధ్యక్షుడై, పశువులను క్రిక్కిరిసి తరలించు ఓడలపై పోరాడెను. తుదినాళ్లలో అమెరికాకు పోయి, అచటి పాఠశాలల చరిత్ర పుస్తకములలో ఇంగ్లండు పట్ల కనబడు ద్వేషమును తగ్గింపుడని కోరెను. 

1898 జూన్ 3వ తేదీన ఫోక్‌స్టన్ పట్టణమున ఆయన కన్నుమూసెను. 1929లో నావికుల సంఘము థేమ్సు నది గట్టున ఆయనకు స్మారకము నిలిపెను. ఇంగ్లండులో బడిపిల్లలు ఆటలకు తొడుగు కాన్వాసు జోళ్లకు కూడ ఆయన పేరే వచ్చినది. రబ్బరు అడుగునకు గుడ్డకు నడుమ నుండు పట్టీ ఓడ గీతవలె నుండుటయు, నీరు ఆ పట్టీని దాటినచో కాలు తడియుటయు దానికి కారణమందురు.