డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

కృష్ణా, గోదావరి డెల్టాలలో బోదకాలి రోగిని చూడని గృహస్థు పూర్వ మరుదు. కాలువలు వచ్చినవి, మాగాణి పెరిగినది, సిరి పెరిగినది; మురుగు పోవు దారి లేనిచోట్ల దోమయు పెరిగినది. ఆ దోమకాటుచే దేహమున జేరు క్రిములను రక్తమునందే నశింపజేయుటకు నేటికిని వైద్యులు వ్రాయుచున్న మందు డైఇథైల్ కార్బమజీన్. 1947లో దానిని లోకమున కందించిన పరిశోధకమండలికి నాయకుడు మన భీమవరపు బిడ్డ. ఆ మాత్ర మ్రింగినవారిలో ఆయన నామధేయ మెరిగినవా రెందరు?

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జగన్నాథము, వెంకమ్మ దంపతులకు జన్మించిరి. సంసారము పేదది. రాజమహేంద్రవరమున చదువు కుంటువడెను. మెట్రిక్యులేషను చెన్నపట్టణమున మూడవ పర్యాయమున గాని చేతికి రాలేదు. వైద్యకళాశాలలో నుండగా గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిరి. శస్త్రచికిత్సాశాలకును ఖద్దరుతోనే పోవుట ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డునకు కంటగింపయ్యెను. ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. పిమ్మట ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించిరి. సోదరు లిరువురు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే కొలది దినముల వ్యవధిలో గతించిరి. ఆ దుఃఖము వారిని విడువలేదు.

కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ యొక్కయు, మామగారి యొక్కయు సాయముతో బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రికొలువు చేయుచు హార్వర్డున చదివిరి. ఫిస్కే పండితునితో గూడి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. అది నేటికిని విద్యార్థులకు బోధింపబడుచున్నది. కండరములకు శక్తి నొసగు ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అను పదార్థములను గుర్తించినవారిలో వీ రొకరు. అయినను హార్వర్డు స్థిరమైన ఆచార్యపదవి నీయలేదు. 1940లో లెడర్లీ పరిశోధనశాలకు పోయిరి.

అచ్చట నెనిమిదేండ్లలో జరిగిన పని ఆశ్చర్యకరము. 1945లో వారి మండలి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించెను. నేడు గర్భవతులకు వ్రాయు మాత్ర అదియే. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికిని అది ఔషధమైనది. దానికి విరోధులగు పదార్థములను గూడ వారే తయారుచేయించిరి. వానిలో అమినోప్టెరిన్‌ను ఫార్బర్ వైద్యుడు రక్తక్యాన్సరుతో నున్న శిశువుల కిచ్చి, తాత్కాలికముగ నైనను వ్యాధి తగ్గుట చూచి 1948లో ప్రకటించెను. దాని సోదరియగు మెథోట్రెక్సేటు నేడు కీళ్లవాతమునకును, సోరియాసిస్‌నకును వ్రాయబడుచున్నది. ఈ జబ్బులకు దానిని వారమున కొక్కమారు మాత్రమే పుచ్చుకొనవలెను. పొరపాటున ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. దాని దుష్ఫలితములను తగ్గించుటకు ఫోలిక్ ఆమ్లమునే తోడుగా నిత్తురు. విరోధు లిరువురును ఒకే చీటిలో నుందురు. ఇరువురి పుట్టిల్లును ఒక్కటే.

అచ్చటనే వృద్ధశాస్త్రజ్ఞుడు డగ్గర్ మట్టినుండి ఆరియోమైసిన్‌ను కనుగొనెను. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అది మొదటిది. ఈ కీర్తి యంతయు నొక్కరిదే యనుట న్యాయము కాదు. అనేకుల పని కొక్క దారి చూపి, పేరు మాత్రము పరుల కొదలుట వారి స్వభావము. 1948 ఆగస్టులో, స్వదేశమును మరల చూడకయే, ఏబదిమూడవ యేట హఠాత్తుగా గతించిరి. భార్య శేషగిరిగారు వారిని మరల చూడనే లేదు. భారతప్రభుత్వము వారి పేర తపాలాబిళ్ళ ముద్రించినది 1995లో.

బిళ్ళతో ఋణము తీరునా? 2004 నుండి దేశమున వ్యాధిగల మండలములలో ఏటేట ఫైలేరియా మాత్రలను ఉచితముగా పంచుట ఆరంభమయ్యెను. గర్భవతులు, రెండేండ్లలోపు శిశువులు, తీవ్రరోగులు తప్ప తక్కినవారందరు మ్రింగవలసినదే. మాకు జబ్బు లేదు గదా యని మాత్రను గూటిలో పెట్టినవారు మనలో లేకపోలేదు. క్రిమి రక్తమున దాగియున్నప్పుడే మాత్ర పనిచేయును. కాలు లావెక్కిన పిదప దానిని పూర్వస్థితికి తెచ్చుట దాని తరము కాదు. ఇంటింటికి వచ్చి మాత్ర చేతిలో పెట్టినప్పుడు దానిని అచ్చటనే మ్రింగుడు. భీమవరపు బిడ్డకు మనము చేయగల తర్పణ మదియే.