విలియం రాక్స్‌బర్గ్

తెలుగు నేలపై మొలిచే చెట్టుచేమలను శాస్త్రలోకానికి పరిచయం చేసిన వారిలో విలియం రాక్స్‌బర్గ్ అగ్రగణ్యుడు. ఆయన 1751లో స్కాట్లండులోని అయర్‌షైర్ ప్రాంతంలో జన్మించారు. ఎడింబరోలో జాన్ హోప్ అను ఆచార్యుని వద్ద వృక్షశాస్త్రం అభ్యసించి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసు చేరారు. రోగులకు చికిత్స చేస్తూనే గాలి, వాన, ఎండల వివరాలను నిత్యం గుర్తించి వ్రాసిపెట్టేవారు. చూచినదానిని వెంటనే లిఖించి భద్రపరచడం ఆయనకు ఆనాటినుండే అలవాటైనది.

1781లో ఆయనకు సామర్లకోటకు బదిలీ అయినది. అచ్చట తోట వేయించి మిరియాలు, కాఫీ, నీలిమందు మొక్కలు పెంచారు. పరిసరాలలోని మొక్కలను సేకరించి, వాటి లక్షణాలను, స్థానికులు పలికే పేర్లను, ఉపయోగాలను వ్రాసుకొన్నారు. ఇట్లు ఆరేండ్లు గడచిన పిమ్మట, 1787లో గోదావరీ తీరాన్ని ఘోరమైన తుపాను ముంచెత్తింది. యానాంకు చేరువలోని ఇంజరంలో ఆయన గ్రంథాలు, వ్రాతప్రతులు వరదపాలైనవి. ఏండ్ల తరబడి చేసిన కృషి ఒక్క ఉపద్రవంలో నశించినది.

అయినను ఆయన నిరుత్సాహపడలేదు. మరల మొదటినుండి ప్రారంభించారు. స్థానిక చిత్రకారులను నియమించి, మొక్కలను ఎదుట ఉంచి రంగులలో బొమ్మలు వ్రాయించారు. ఆకు, పువ్వు, కాయ, గింజలను వేర్వేరుగా చూపించారు. ఆ చిత్రాలనుండి ఎంపికచేసిన 300 ఫలకాలతో కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన మూడు సంపుటాలు జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుండి లండనులో వెలువడినవి. చివరి సంపుటం 1820 నాటికి గాని పూర్తి కాలేదు. వస్త్రాలకు ఎర్రరంగు నిచ్చే చిరివేరు వంటి మన మొక్కలు అందులో చోటు చేసుకొన్నవి. జ్వరానికి వాడే సోమిద చెట్టును కూడ ఆయన వర్ణించారు. దాని తెలుగు పేరే తరువాత శాస్త్రీయనామంలో స్థిరపడినది.

కంపెనీ ఆశించినది ముఖ్యంగా వాణిజ్య లాభమే. అయినను రాక్స్‌బర్గ్ దృష్టి అంతటితో ఆగలేదు. కరవు కాలంలో ప్రజలకు ఆహారమిచ్చే కొబ్బరి, పనస వంటి చెట్లను విరివిగా నాటించవలెనని ఆయన ప్రభుత్వానికి సూచించారు.

1793లో ఆయన హుగ్లీ తీరంలోని కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి అయ్యారు. రాబర్ట్ కిడ్ దానిని స్థాపించినది 1787లోనే. అచ్చట ఇరువది ఏండ్లు పనిచేసి, చిత్రాల సంఖ్యను రెండువేల అయిదువందలకు మించి పెంచారు. ఆ చిత్రాలకు రెండు ప్రతులు తయారైనవి. ఒకటి కలకత్తా ఉద్యానంలో నిలిచినది. మరొకటి సముద్రం దాటి, తుదకు లండనులోని క్యూ ఉద్యానం చేరినది.

అనారోగ్యంతో 1813లో ఆయన భారతదేశం వదలి, 1815లో ఎడింబరోలో కన్నుమూశారు. ఆయన వ్రాతప్రతులను మిత్రుడు విలియం కేరీ శ్రీరాంపురంలో అచ్చు వేయించారు. భారతీయ వృక్షజాలాన్ని గూర్చిన మహాగ్రంథం 1832లో సంపూర్ణంగా వెలువడినది.

నేటికిని ఒక మొక్కకు రాక్స్‌బర్గ్ పెట్టిన పేరు నిజముగా ఏ మొక్కకు చెందునో తేల్చవలసి వచ్చినపుడు, శాస్త్రజ్ఞులు ఆ చిత్రాలను ఆయన వర్ణనతో పోల్చి చూస్తారు. ఎండిన నమూనా దొరకనిచోట చిత్రమే సాక్ష్యమగుచున్నది. కాని, ఆ కుంచె పట్టిన వారిలో పెక్కుమంది పేర్లు ఎవరును వ్రాసిపెట్టలేదు. మొక్కల పేర్లు మిగిలినవి; చిత్రించిన వారి పేర్లు మిగులలేదు.

వరదలో సర్వం కోల్పోయిన మనిషి తిరిగి కలం పట్టినందున రెండు దేశాల ఉద్యానాలలో మన పల్లెల చెట్లు నిలిచి ఉన్నవి. నేర్చినదానిని వ్రాసిపెట్టుట, వ్రాసినదానిని భద్రపరచుట, తోడుపడిన వారి పేరు మరువకుండుట విద్యార్థులు ఈ జీవితంనుండి గ్రహింపదగినవి.