ఘంటసాల వెంకటేశ్వరరావు

ఘంటసాల వెంకటేశ్వరరావు (డిసెంబరు 4, 1922 - ఫిబ్రవరి 11, 1974) సుప్రసిద్ధ తెలుగు సినిమా నేపథ్య గాయకుడు, సంగీత దర్శకుడు, నిర్మాత. 1940ల నడుమ మొదలుకొని సుమారు మూడు దశాబ్దాల పాటు తెలుగు చలనచిత్ర గానంలో అగ్రస్థానంలో నిలిచాడు. సినిమా పాటలతో పాటు గ్రామఫోను రికార్డుల కోసం ప్రత్యేకంగా పాడిన పద్యాలు, భక్తి గీతాలు, భగవద్గీత శ్లోకాలు కూడా ఇతనికి ఎనలేని కీర్తిని తెచ్చిపెట్టాయి. ఇతని పాత రికార్డులను, పాటల పుస్తకాలను సేకరించి భద్రపరచే అభిమానులు తెలుగునాట, విదేశాలలోనూ ఉన్నారు.

బాల్యం, సంగీత శిక్షణ

ఘంటసాల కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లి గ్రామంలో సూరయ్య, రత్తమ్మ దంపతులకు జన్మించాడు. తండ్రి మృదంగం వాయిస్తూ నారాయణతీర్థుల తరంగాలు పాడేవాడు. ఆ తరంగాలకు నృత్యం చేసే చిన్న వెంకటేశ్వరరావును ఊరివారు బాల భరతుడని పిలిచేవారు. అతని పదకొండవ ఏట తండ్రి మరణించడంతో కుటుంబ భారం మేనమామ వహించాడు.

సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో ఘంటసాల తన ఉంగరాన్ని అమ్మి, ఆ డబ్బుతో విజయనగరం చేరాడు. అక్కడ నిలువ నీడ లేని స్థితిలో ఆశ్రయమిచ్చి, ఉచితంగా విద్య నేర్పినవాడు పట్రాయని సీతారామశాస్త్రి. గురువు స్వయంగా పేదవాడు కావడంతో శిష్యుడు మధుకరం చేసి, అనగా ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, చదువు సాగించాడు. మహారాజా సంగీత కళాశాలలో శిక్షణ పూర్తి చేసి స్వగ్రామానికి తిరిగివచ్చాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని బళ్ళారి దగ్గరి అల్లీపురం జైలులో శిక్ష అనుభవించాడు. 1944లో సావిత్రిని వివాహం చేసుకున్నాడు.

మద్రాసు ప్రయాణం

సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో ఘంటసాల మద్రాసు చేరాడు. తొలి రోజులు కష్టంగా గడిచాయి. రేడియోలో పాడే అవకాశాలు లభించినా అవి జీవనానికి చాలేవి కావు. గ్రామఫోను రికార్డు ఇవ్వడానికి చేసిన మొదటి ప్రయత్నం ఫలించలేదు. తరువాత హెచ్.ఎం.వి. సంస్థలో పనిచేస్తున్న పేకేటి శివరాం చొరవతో అతని తొలి ప్రైవేటు రికార్డు వెలువడింది. పేకేటి శివరాం అనంతర కాలంలో నటుడిగా ప్రసిద్ధుడయ్యాడు.

1945లో విడుదలైన స్వర్గసీమ చిత్రంలో భానుమతితో కలిసి పాడడంతో ఘంటసాల నేపథ్య గాయకుడయ్యాడు. 1949 నాటికి కీలుగుర్రం, మనదేశం చిత్రాలకు సంగీతం సమకూర్చాడు. పాతాళభైరవి (1951), పెళ్ళిచేసి చూడు (1952), మాయాబజార్ (1957), లవకుశ (1963) వంటి చిత్రాలు సంగీత దర్శకునిగా అతని పేరును స్థిరపరచాయి. 1953 నాటి దేవదాసులో సి.ఆర్.సుబ్బరామన్ సంగీతంలో పాడిన పాటలు నేటికీ వినబడుతున్నాయి. శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం (1960) చిత్రంలో స్వామి సన్నిధిలో పాడే భక్తునిగా తెరపై కూడా కనిపించాడు. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇద్దరికీ వారి వారి తీరుకు తగినట్లు గొంతు మార్చి పాడడం అతని ప్రత్యేకత. గురువు కుమారుడైన పట్రాయని సంగీతరావు దీర్ఘకాలం ఘంటసాలకు సంగీత సహాయకునిగా ఉన్నాడు. అన్నం పెట్టి విద్య నేర్పిన ఇంటితో అనుబంధం ఈ విధంగా చివరి వరకు నిలిచింది.

గ్రామఫోను రికార్డులు

ఘంటసాల పాటలు మొదట వెలువడినవి నిమిషానికి 78 సార్లు తిరిగే లక్క రికార్డుల రూపంలో. పది అంగుళాల రికార్డుకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. పొడవైన పాటలను, పద్యాలను రెండు వైపులకు పంచవలసివచ్చేది. అందువల్ల కొన్ని పాటల నిడివి సినిమాలో ఒక విధంగానూ, రికార్డులో మరొక విధంగానూ ఉంటుంది. ఆ రోజుల్లో కొన్ని సినిమా పాటలను గ్రామఫోను కోసం వేరుగా పాడించేవారు. వాటిలో వాద్య సహకారం కూడా మారేది. మరోవైపు సినిమాలలోని పద్యాలన్నీ రికార్డులుగా రాలేదు.

సినిమాలతో సంబంధం లేని ప్రైవేటు రికార్డులలో కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన పుష్పవిలాపం మిక్కిలి ప్రసిద్ధమైనది. రంగస్థలంపై దీర్ఘమైన రాగాలాపనతో పద్యం పాడే పద్ధతికి భిన్నంగా, అర్థానికీ భావానికీ ప్రాధాన్యమిస్తూ అతడు పద్యాన్ని సామాన్య శ్రోతకు చేరువ చేశాడు. ఇంట గ్రామఫోను లేనివారికి ఈ పాటలు టూరింగ్ టాకీసుల మైకుల ద్వారా అందాయి. కుప్పం, వెంకటగిరికోట వంటి సరిహద్దు ఊళ్ళ నుండి ఇచ్ఛాపురం వరకు సినిమా హాళ్ళలోనూ, పెళ్ళిపందిళ్ళలోనూ ఆ గొంతు సుపరిచితమయింది.

చివరి సంవత్సరాలు, భగవద్గీత

1970లో భారత ప్రభుత్వం ఘంటసాలను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. 1971లో ఐరోపా, అమెరికా దేశాలలో కచేరీలు చేశాడు. అప్పటికే మధుమేహం, ఆపై గుండె జబ్బు అతనిని బాధించసాగాయి. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ సందర్భంగా గుండెనొప్పి రావడంతో ఆసుపత్రిలో చేరవలసివచ్చింది. కోలుకున్న తరువాత 1973లో భక్త తుకారాం వంటి చిత్రాలకు పాడాడు.

భగవద్గీతలోని ఏడు వందల శ్లోకాల నుండి ఎంపిక చేసిన శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో రికార్డు చేయడం అతని చివరి సంకల్పం. ఆరోగ్యం క్షీణిస్తున్నా ఆ పనిని పూర్తి చేశాడు. అయితే రికార్డు విడుదలను చూడలేకపోయాడు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో, 51 సంవత్సరాల వయసులో మరణించాడు. ఆ తరువాత విడుదలైన భగవద్గీత లాంగ్‌ప్లే రికార్డు తెలుగు ఇళ్ళలో, ఆలయాలలో విశేషంగా వ్యాపించింది. అంత్యక్రియల వేళ దీనిని వినిపించడం ఆంధ్రదేశంలో ఆనవాయితీ అయింది.

సేకరణ, పరిరక్షణ

1970ల ఆరంభానికి మన దేశంలో 78 వేగపు రికార్డుల తయారీ ముగిసింది. 1980లలో క్యాసెట్లు ఇంటింటికీ చేరాక, మూలనపడిన లక్క రికార్డులు పాతసామాన్ల దుకాణాలకు తరలాయి. మద్రాసులో పాత పుస్తకాలకు, రికార్డులకు పేరుపొందిన మూర్ మార్కెట్ 1985లో అగ్నికి ఆహుతయింది. ఈ పరిస్థితిలో వ్యక్తిగత సేకర్తల కృషికి ప్రాముఖ్యం పెరిగింది.

సేకర్తలు రికార్డు మధ్యనున్న చీటీపై ముద్రించిన సంఖ్యను, లోపలి అంచున చెక్కిన అచ్చు సంఖ్యను నమోదు చేసుకుంటారు. ఒకే పాట వేర్వేరు ముద్రణలను గుర్తించడానికి ఇవి తోడ్పడతాయి. సినిమా హాళ్ళ వద్ద అమ్మిన పాటల పుస్తకాలలో చిత్ర కథాసంగ్రహం, పాటల పాఠం ఉండేవి. గాయకుల పేర్లు వాటిలో అన్నివేళలా ఉండేవి కావు. కాబట్టి పాట ఎవరిదో నిర్ధారించడానికి రికార్డు చీటీ ముఖ్యమైన ఆధారం. లక్క రికార్డులు కిందపడితే పగులుతాయి, ఎండకు వంగిపోతాయి. స్పిరిటుతో తుడిస్తే లక్క కరిగి గాడులు చెడిపోతాయి. అందుచేత వాటిని నిలువుగా, చల్లని చోట ఉంచి మెత్తని గుడ్డతో మాత్రమే శుభ్రం చేస్తారు.

2003 ఫిబ్రవరి 11న భారత తపాలా శాఖ ఘంటసాల స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది. విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు అతని పేరు పెట్టారు. 2022లో శతజయంతి జరిగింది. క్యాసెట్టుగా గానీ, సీడీగా గానీ తిరిగి వెలువడని పాటల విషయంలో మిగిలిన లక్క రికార్డు ముఖ్యమైన ఆధారం. అటువంటి రికార్డులు పగిలిపోతే ఆ పాట కనుమరుగయ్యే ప్రమాదం ఉంది. అందువలన పాత రికార్డులను డిజిటల్ రూపంలోకి మార్చడం ఘంటసాల గానాన్ని భావితరాలకు అందించడంలో కీలకమైన పనిగా మారింది.