పెళ్ళిమాటలతో నవ్వించిన అన్నయ్య

పొడుగు కోటు వేసుకుని, చేతులకి తెల్లటి గ్లవ్స్ తొడుక్కుని, పొరుగు ఎస్టేటు ఆసామి ఇంటికి ఒకాయన వస్తాడు. ఆ ఇంటి పిల్లని పెళ్ళికి అడగాలని. వయసు ముప్ఫై అయిదు. గుండెదడ, కాలు తిమ్మిరి, చెవుల్లో హోరు... మనిషికి లేని జబ్బు లేదు. పెళ్ళిమాట ఎత్తబోతూ మాటవరసకి ఒక పచ్చికబీడు సంగతి తెస్తాడు. ఆ బీడు మాదంటే మాదని మొదలైన తగువు తాతముత్తాతల దాకా పోతుంది. అతను విసవిసా వెళ్ళిపోయాక గానీ వచ్చింది పెళ్ళి అడగడానికని ఆ పిల్లకి తెలీదు. తెలిశాక ఒకటే ఏడుపు! మళ్ళీ పిలిపిస్తారు. ఈసారి ఎవరి వేటకుక్క గొప్పదని తగువు. చివరికి తండ్రి ఇద్దరి చేతులూ కలిపేసి, ఓ పనైపోయిందనిపిస్తాడు. వాళ్ళు మాత్రం కుక్కల దగ్గరే ఉంటారు.

ఇది రష్యన్ రచయిత ఆంటన్ చెహోవ్ 1888లో రాసిన 'పెళ్ళి ప్రస్తావన' నాటిక. చెహోవ్ అనగానే మనకి కథలే గుర్తొస్తాయి. మా నాన్నగారి బీరువాలో కూడా ఆయన కథల పుస్తకం ఒకటి ఉండేది, మాస్కోలో తెలుగులో అచ్చయి విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికిన రకం. నాటికలు నేను ఆ తర్వాత ఎప్పుడో ఇంగ్లీషులో చదివాను. కడుపుబ్బ నవ్వాను. ఆయన చెల్లెలు మాషా కథ తెలిశాక మాత్రం ఆ నాటికని అంత తేలిగ్గా చదవలేకపోతున్నాను.

చెహోవ్ 1860లో అజోవ్ సముద్రం ఒడ్డున టాగన్‌రోగ్ అనే ఊళ్ళో పుట్టాడు. తాత ఒక జమీందారు కింద వెట్టిమనిషిగా ఉండి, డబ్బు కట్టి తననీ తన కుటుంబాన్నీ విడిపించుకున్నవాడు. తండ్రికి చిల్లరకొట్టు. ఆయనకి దైవభక్తి ఎంతో, పిల్లల్ని కొట్టడంలో చేతివాటమూ అంతే. 1876లో కొట్టు దివాలా తీసింది. జైలుకి పోవాల్సి వస్తుందని తండ్రి మాస్కో పారిపోయాడు. వెనకాలే తల్లీ, చిన్నపిల్లలూ. పదహారేళ్ళ ఆంటన్ ఒక్కడే ఆ ఊళ్ళో మిగిలాడు, చదువు పూర్తిచేసుకోవడానికి. ట్యూషన్లు చెప్పుకుని బతుకుతూ, మిగిలిన నాలుగు డబ్బులూ ఇంటికి పంపేవాడు.

1879లో మాస్కో వెళ్ళి మెడిసిన్‌లో చేరాడు. చేరాడన్న మాటేగాని ఇల్లు గడవాలిగా! తండ్రి సంపాదన అంతంతమాత్రం. పెద్దన్నలిద్దరూ తెలివైనవాళ్ళే, తాగుడుకి అలవాటుపడ్డారు. దాంతో మూడోవాడే ఇంటికి పెద్దకొడుకయ్యాడు. హాస్యపత్రికలకి చిన్నచిన్న కథలు రాసి ఇల్లు నడిపాడు. 1884లో డాక్టరయ్యాడు. ఆ ఏడాదే దగ్గుతో రక్తం పడింది. అదేమిటో డాక్టరుకి తెలియదా? తెలిసీ ఏళ్ళతరబడి బయటపెట్టలేదు.

నాటికలు కూడా మొదట సరదాకీ, డబ్బుకీ రాసినవే. 1888లో మాస్కోలో కోర్ష్ థియేటర్లో ఆడిన 'ఎలుగుబంటి' ఊరూరా ఆడి, పాడి ఆవులా ఆయన్ని పోషించింది. అందులో పోపోవా అనే వితంతువు భర్త పోయిన ఏడు నెలలుగా గుమ్మం దాటదు. ఆ భర్త బతికున్నన్నాళ్ళూ ఆమెని మోసం చేసినవాడే. అయినా సరే, తను ఎంత నమ్మకంగా ఉందో ఆ చచ్చినవాడికి చూపించాలని ఆమె పంతం. గుర్రాల దాణా తాలూకు 1,200 రూబుళ్ళ బాకీ వసూలుకని స్మిర్నోవ్ అనే మోటుమనిషి వస్తాడు. మాటామాటా పెరిగి పిస్తోళ్ళ దాకా వెళుతుంది. పిస్తోలు ఎలా పట్టుకోవాలో ఆమెకి నేర్పిస్తూ నేర్పిస్తూ అతను ప్రేమలో పడిపోతాడు. 'పెళ్ళి విందు' అని ఇంకోటుంది. అందులో పెళ్ళివారు గొప్ప కోసం ఒక జనరల్‌ని డబ్బిచ్చి విందుకి తెప్పించుకుంటారు. తీరా ఆ వచ్చిన ముసలాయన జనరల్ కాదు, పాపం ఆయనకి డబ్బు సంగతీ తెలీదు! మగవాళ్ళ డాబు, ఆడవాళ్ళ పంతం, పెళ్ళి వెనకాల ఉండే పొలాలూ లెక్కలూ... ఆయన కంటికి దొరకనిది లేదనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం దొరకలేదు. అది తన ఇంట్లోనే ఉంది.

మాషా ఆయనకంటే మూడేళ్ళు చిన్న. అంతమంది అన్నదమ్ముల మధ్య ఒక్కతే ఆడపిల్ల. మాస్కోలో పైచదువు చదివి, ఆడపిల్లల హైస్కూల్లో చరిత్ర, భూగోళం చెప్పేది. బొమ్మలు వేసేది. రష్యా ప్రకృతిని ఎంతో అందంగా చిత్రించిన లెవితాన్ వీళ్ళ ఇంటికి బాగా కావలసినవాడు. ఆయన ఒకసారి ఆమెని పెళ్ళిచేసుకుంటానన్నాడు. ఆమె ఏంచెయ్యాలో తెలీక అన్నయ్యనే అడిగింది. లెవితాన్‌కి వయసు మళ్ళిన స్త్రీలంటే ఇష్టమని చెప్పి అన్నయ్య ఆ మాట తేల్చేశాడు.

1892లో చెహోవ్ మాస్కో దగ్గర మెలిహొవోలో పొలం, ఇల్లు కొన్నాడు. అక్కడ రైతులకి ఉచితంగా వైద్యం చేశాడు, కలరా రోజుల్లో ఊళ్ళు తిరిగాడు, బడులు కట్టించాడు. అందరూ చెప్పుకునే ఈ మెలిహొవో రోజుల్లో తోట పని, పొలం పని, నౌకర్లు, వచ్చేపోయే రోగులు, అన్నయ్య కోసం దిగే అతిథులు... ఇవన్నీ చూసుకున్నది మాషా. అదీ మాస్కోలో పాఠాలు చెప్పుకుంటూ.

ఆ ఏడాదే స్మాగిన్ అనే ఆయన ఆమెని పెళ్ళికి అడిగాడు. ఈసారి ఆమెకీ ఇష్టమే. అన్నయ్య గదిలోకి వెళ్ళి, పెళ్ళిచేసుకోవాలని నిర్ణయించుకున్నానని చెప్పింది. ఆయన వద్దనలేదు. సరేననీ అనలేదు. ఏమీ మాట్లాడలేదు. కాసేపు నిలబడి ఆమె బయటికి వచ్చేసింది, ఏడ్చింది. కొన్నాళ్ళు ఆలోచించి స్మాగిన్‌కి కాదని చెప్పేసింది. విచిత్రమేమిటంటే, ఆ తర్వాత చెహోవ్ తన స్నేహితుడికి రాస్తూ, ఈ పిల్లకి నిజంగానే పెళ్ళి ఇష్టం లేదని తేల్చాడు.

ఆయన చెడ్డవాడు కాడు. నేనా మాట అనను. చెల్లెలంటే ప్రాణం. కానీ ఆమె వెళ్ళిపోతే ఆ ఇల్లు ఎవరు నడపాలి? ముసలి తల్లిదండ్రుల్ని ఎవరు చూడాలి? ఈ ప్రశ్న ఎవరూ పైకి అనలేదు, అనక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది. సంపాదించే ఆడపిల్ల పెళ్ళి 'వచ్చే ఏడు చూద్దాం' అనుకునే ఇళ్ళలో కూడా ఎవరూ వద్దని అనరు కదా.

పోనీ ఆయన పెళ్ళి? అదీ చాలా కాలం తప్పించుకుంటూనే వచ్చాడు. మాషా స్నేహితురాలు లీకా ఆయన్ని ప్రేమించింది. ఆయన ఏళ్ళతరబడి ఆమెకి వేళాకోళం ఉత్తరాలు రాశాడు, అంతకుమించి ముందుకు రాలేదు. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ నటి ఓల్గా నిప్పర్ పరిచయమైంది. జబ్బు మూలంగా ఆయన దక్షిణాన యాల్టాలో ఉండాలి, ఆమె నాటకాలు మాస్కోలో. 1901లో చాటుగా చర్చిలో పెళ్ళి చేసుకున్నారు. చుట్టాలనీ స్నేహితుల్నీ వేరేచోట భోజనానికి పిలిపించి, వాళ్ళక్కడ ఎదురుచూస్తుంటే వీళ్ళిక్కడ పెళ్ళి కానిచ్చారు! అచ్చం ఆయన నాటికలాగే ఉంది. తల్లికి టెలిగ్రాం వెళ్ళింది.

మాషా ఆయనలా ఊరుకోలేదు. ఈ పెళ్ళి ఆయన ఆరోగ్యానికి మంచిది కాదేమోనని తన అభిప్రాయం ఉత్తరం రాసింది. అది చేతికి అందేసరికే పెళ్ళి అయిపోయింది. ఓల్గా ఆమెకి స్నేహితురాలే, అయినా చాలా బాధపడింది. తొమ్మిదేళ్ళ కిందటి ఆ మౌనం ఆ రోజు గుర్తురాకుండా ఉంటుందా?

ఆ ఏడు ఆగస్టులోనే చెహోవ్ చెల్లెలి పేర విల్లులాంటి ఉత్తరం రాశాడు. యాల్టా ఇల్లు, డబ్బు, నాటకాల మీద వచ్చే ఆదాయం మాషాకి. భార్యకి గుర్జుఫ్‌లోని చిన్న ఇల్లు, 5,000 రూబుళ్ళు. పోపోవా, స్మిర్నోవ్‌ల తగవులు తెచ్చిపెట్టే డబ్బు కూడా అలా ఆమెకే రాసిపెట్టాడు. దాన్ని ప్రేమ అనాలో బాకీ తీర్చుకోవడం అనాలో నాకు తెలీదు.

1904లో జర్మనీలోని బాడెన్‌వైలర్‌లో, భార్య పక్కనుండగా, నలభై నాలుగేళ్ళకే ఆయన పోయాడు. మాషా యాల్టా ఇంట్లోనే ఉండిపోయింది. 1921లో అది మ్యూజియం అయ్యింది. ఆమే దాన్ని చూసుకుంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం ఆ ఊరు పట్టుకున్నప్పుడు కూడా ఇల్లు వదల్లేదు. అన్నయ్య ఉత్తరాలు పోగుచేసి అచ్చు వేయించింది. ఓల్గా కూడా ఆ ఇంటికి వచ్చి ఉండేది. వదినా మరదళ్ళు ముసలితనం దాకా స్నేహంగానే ఉన్నారు.

1957లో, తొంభై మూడేళ్ళ వయసులో మాషా యాల్టాలో కన్నుమూసింది. 1960లో ఆమె జ్ఞాపకాలు పుస్తకంగా వచ్చాయి. స్మాగిన్ సంగతీ, అన్నయ్య ఏమీ మాట్లాడని ఆ రోజు సంగతీ ఆమె చెప్పుకున్నది అందులోనే.