రుడాల్ఫ్ డీజిల్

రుడాల్ఫ్ డీజిల్ (మార్చి 18, 1858 - సెప్టెంబరు 29, 1913) జర్మనీకి చెందిన ఇంజనీరు. నిప్పురవ్వతో పని లేకుండా, గాలిని గట్టిగా నొక్కినపుడు పుట్టే వేడితోనే ఇంధనాన్ని మండించే ఇంజనును ఈయన రూపొందించాడు. ఆ ఇంజనుకు, అది వాడే నూనెకు కూడా ఈయన పేరే స్థిరపడింది. పొలాలలో నీరు తోడే ఆయిలు ఇంజన్లు మొదలుకొని లారీలు, బస్సులు, ఓడల వరకు ఎన్నో యంత్రాలకు ఈయన సూత్రమే ఆధారం. ప్రపంచానికి ఇంత శక్తిని ఇచ్చిన ఈయన జీవితం మాత్రం అప్పులలో, విషాదంలో ముగిసింది.

బాల్యము, విద్య

డీజిల్ పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతం నుండి వలస వచ్చినవారు. తండ్రి థియొడర్ తోలు వస్తువులు తయారుచేసేవాడు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం రాగా జర్మన్ కుటుంబాలు పారిస్ విడిచి వెళ్ళవలసి వచ్చింది. డీజిల్ కుటుంబం లండన్ చేరింది. అక్కడ జరుగుబాటు కష్టం కావడంతో పన్నెండేళ్ళ బాలుని ఆగ్స్‌బర్గ్ పట్టణంలో గణితం బోధించే బంధువు ఇంటికి పంపారు. చదువులో మొదటి నుండి ముందున్న డీజిల్, ఉపకార వేతనంతో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. శీతలీకరణ యంత్రాలకు ప్రసిద్ధుడైన కార్ల్ వాన్ లిండే అక్కడ ఈయనకు గురువు. 1879లో టైఫాయిడ్ జ్వరం వలన పరీక్ష తప్పిపోయినా, మరుసటి సంవత్సరం అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు.

ఇంజను ఆవిష్కరణ

చదువు ముగిసిన తరువాత డీజిల్ పారిస్‌లో లిండే సంస్థ వారి మంచు కర్మాగారంలో పనిచేశాడు. 1883లో మార్తా ఫ్లాషేను వివాహమాడాడు. వీరికి ముగ్గురు పిల్లలు. ఆనాటి ఆవిరి యంత్రాలు బొగ్గులోని శక్తిలో సుమారు పదవ వంతును మాత్రమే పనిగా మార్చగలిగేవి. మిగిలినదంతా వృథాయే. ఈ వృథాను అరికట్టాలన్నదే డీజిల్ తపన. మొదట అమ్మోనియా ఆవిరితో చేసిన ప్రయోగంలో యంత్రం పేలి ప్రాణాపాయం తృటిలో తప్పింది.

సైకిలు పంపుతో గాలి కొట్టేటపుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరికీ అనుభవమే. గాలిని దాని పరిమాణంలో సుమారు ఇరవయ్యవ వంతుకు కుదిస్తే ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెంటిగ్రేడుకు పైబడుతుంది. ఆ గాలిలోకి నూనె చిమ్మితే దానంతటదే మండుతుంది. డీజిల్ ఇంజనులోని రహస్యం ఇదే. 1892లో ఈయన పేటెంటుకు దరఖాస్తు చేసి, 1893లో దానిని పొందాడు.

ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం, క్రుప్ సంస్థ కలిసి ప్రయోగాలకు పెట్టుబడి పెట్టాయి. 1893 ఆగస్టు 10న జరిగిన తొలి పరీక్షలో ఒత్తిడిని కొలిచే పరికరం పగిలిపోయింది. 1894 ఫిబ్రవరి 17న ఇంజను ఒక నిమిషం పాటు తనంతట తాను నడిచింది. సరిగ్గా మూడేళ్ళ తరువాత, 1897 ఫిబ్రవరి 17న, ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ జరిపిన అధికారిక పరీక్షలో ఇంధన శక్తిలో 26.2 శాతాన్ని పనిగా మార్చినట్లు తేలింది.

వాహనాలలో డీజిల్ ఇంజను, గ్లో ప్లగ్గు

డీజిల్ నాటి ఇంజన్లు మనిషి కంటే ఎత్తైనవి, టన్నుల బరువు కలవి. వాటిని సీసాలలో నిలువ చేసిన గాలి ఒత్తిడితో స్టార్టు చేసేవారు. లారీలలో ఈ ఇంజను ఈయన మరణించిన పదేళ్ళ తరువాత, 1923-24 ప్రాంతంలో వచ్చింది. చిన్న ఇంజనులో, ముఖ్యంగా ఇంధనం ముందుగా ఒక చిన్న గదిలో మండే రకంలో, చలివేళ కుదించిన గాలి వేడిని చల్లని ఇనుము లాగివేస్తుంది. అందుచేత నూనె అంటుకోదు. ఈ లోటు తీర్చడానికి ఏర్పడినదే గ్లో ప్లగ్గు. మెకానిక్కులు దీనిని హీటరు ప్లగ్గు అని కూడా అంటారు. ఇది పెట్రోలు ఇంజనులోని స్పార్కు ప్లగ్గు వంటిది కాదు. రవ్వను పుట్టించక, ఎర్రగా కాలి వేడిని మాత్రమే ఇస్తుంది.

పాత వాహనాలలో కొన్నింటికి ప్లగ్గులన్నిటినీ శ్రేణిలో కలిపేవారు. 12 వోల్టులు వాటి మధ్య పంచబడేవి. ఒక్క ప్లగ్గు తీగ తెగితే అన్నీ ఆగిపోయేవి. తరువాత వచ్చిన సమాంతర పద్ధతిలో ప్రతి ప్లగ్గుకు దాదాపు పూర్తి వోల్టేజీ అందుతుంది; ఒకటి పోయినా మిగిలినవి పనిచేస్తాయి. ఈ పద్ధతిలో లోపాన్ని వెదకేటపుడు, ప్లగ్గులు కాలుతున్న సమయంలోనే వాటి వద్ద వోల్టేజీ కొలవాలి. విద్యుత్తు ప్రవహించనపుడు కొలిస్తే చెడిన రిలే, తుప్పు పట్టిన తీగ కూడా పూర్తి వోల్టేజీనే చూపి మోసగిస్తాయి. బ్యాటరీ వద్ద సరిగా ఉండి ప్లగ్గు వద్ద బాగా తగ్గితే దోషం దారిలో ఉన్నట్లు. ప్లగ్గు వద్ద వోల్టేజీ సరిపోయినా అది వేడెక్కకపోతే దోషం ప్లగ్గులోనో, దాని ఎర్తులోనో ఉన్నట్లు. నేరుగా సిలిండరులోకి ఇంధనం చిమ్మే పెద్ద లారీ ఇంజన్లలో చాలావాటికి ఈ ప్లగ్గు అవసరమే ఉండదు.

వేరుశనగ నూనె, కానుగ నూనె

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు. మొక్కల నూనెలు ముందుకాలంలో ముఖ్య ఇంధనాలు కాగలవని డీజిల్ విశ్వసించాడు. తన ఇంజను చిన్న చేతివృత్తుల వారిని పెద్ద కర్మాగారాల పోటీ నుండి కాపాడాలనీ కోరుకున్నాడు. శ్రామికుల సహకార వ్యవస్థను సూచిస్తూ 1903లో ఒక గ్రంథం రచించాడు. దానికి ఆదరణ లభించలేదు.

ఒక శతాబ్దం తరువాత ఈ ఆలోచన తెలుగు నేలపై కనిపించింది. అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ అనే ఆదివాసీ గ్రామంలో మహిళా సంఘాలు కానుగ చెట్లు పెంచి, గింజల నుండి నూనె తీశాయి. డీజిల్‌కు బదులు ఈ నూనెను వాడితే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుందని లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ గ్రామానికి 645 డాలర్లు చెల్లించింది.

చివరి దినములు

పేటెంటు హక్కుల అమ్మకంతో డీజిల్ ధనవంతుడయ్యాడు. కాని పేటెంటు వివాదాలు, అనారోగ్యం, తప్పిన పెట్టుబడులు ఆ సంపదను హరించాయి. 1913 సెప్టెంబరు 29 సాయంత్రం ఆంట్వెర్ప్‌లో ఇంగ్లండు వెళ్ళే డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. రాత్రి భోజనం ముగించి, ఉదయం లేపమని చెప్పి గదికి వెళ్ళాడు. తెల్లవారి చూడగా గది ఖాళీగా ఉంది. పడక నలగలేదు. కొన్ని రోజుల తరువాత సముద్రంలో కనిపించిన ఒక మృతదేహం వద్ద దొరికిన వస్తువులను ఆయన కుమారుడు గుర్తించాడు. హత్య అన్న వదంతులు వచ్చినా, ఆత్మహత్య అనే అభిప్రాయమే బలంగా ఉంది. ప్రయాణానికి ముందు భార్యకు ఇచ్చి వెళ్ళిన సంచిలో 20,000 మార్కుల నగదుతో పాటు, బ్యాంకు ఖాతాలు దాదాపు ఖాళీ అయినట్లు చూపే కాగితాలు ఉన్నాయి.