డిచ్‌పల్లి దొరసాని

మా కోరుట్ల ఇంట్లో నాయనమ్మ ‘డిచ్‌పల్లి’ అనే మాటను ఎన్నడూ గట్టిగా పలికేది కాదు. పెండ్లి సంబంధాల మాట నడుస్తుంటే మరీనూ. ఆమె మేనమామ ఒకాయన పెద్దరోగంతో అక్కడి దవాఖానలో నాలుగేండ్లు ఉండి వచ్చిండట. ఆ దవాఖాన కట్టించిన తెల్ల దొరసాని సంగతి నాకు మొదట చెప్పింది నాయనమ్మే, అదీ గుసగుసగా. పేరు మాత్రం ఆమెకు తెలియదు. కాలేజీలో చేరిన తర్వాత నేనే వెదికి తెలుసుకున్నాను. ఆ దొరసాని పేరు డాక్టర్ ఇసబెల్ కెర్.

ఆమె 1875లో స్కాట్లండులో ఒక రైతు ఇంట పుట్టింది. ఆడపిల్లలు డాక్టరు చదవడమే అరుదైన ఆ రోజులలో, 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా పుచ్చుకున్నది. అదే ఏడు జార్జి కెర్ అనే మతబోధకుణ్ణి పెండ్లాడింది. 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషను తరఫున భర్తతో కలిసి నిజాం రాజ్యానికి వచ్చింది. మతప్రచారం వాళ్ల పనిలో భాగమే, అందులో దాపరికమేమీ లేదు. కాని ఇక్కడ కుష్ఠురోగులకు వైద్యమన్నదే లేకపోవడం ఆమెను నిలువనీయలేదు. రోగం పేరు బయటపడిన మనిషికి అప్పట్లో మిగిలేది ఊరవతల గుడిసె, లేదా అడుక్కు తినడం. 1911లో నిజామాబాదులో వాళ్ల కోసం ఒక చిన్న ఆశ్రయం తెరిచారు. అది చాలలేదు.

ఇక డబ్బు సంగతి. ఈనాడు విదేశీ గ్రాంటు అనగానే మనకు ఆఫీసు, ప్రాజెక్టు రిపోర్టు, మూడేండ్ల గడువు గుర్తుకొస్తాయి. ఆనాడు అది సీమలో చర్చికి పోయే సామాన్యులు వేసిన చందా. కుష్ఠురోగుల కోసమని 1874లో ఐర్లండులో మొదలైన మిషన్ టు లెపర్స్ కూడా ఇట్లాంటి చందాల మీదనే నడిచింది. అయితే డిచ్‌పల్లి కథలో నాకు బాగా నచ్చే ముచ్చట వేరే ఉన్నది. అక్కడ దవాఖాన లేవడానికి ఊతమిచ్చింది నిజామాబాదు దాత రాజా నర్సాగౌడ్. క్రైస్తవ మిషను నడిపే దవాఖానకు, ముస్లిం ప్రభువు ఏలుబడిలో, ఒక హిందువు విరాళం! ఆ విధంగా 1915లో విక్టోరియా కుష్ఠు దవాఖాన మొదలైంది. బయటి సొమ్ము ఎంత వచ్చినా ఇక్కడివాళ్ల చేయి కలవకుంటే ఆ గోడలు లేచేవా అని నా అనుమానం.

అప్పటికి మందు ఏముందని? చాల్ముగ్రా జాతి చెట్ల గింజల నుంచి తీసిన నూనె. దాన్ని సూదితో ఎక్కించే పద్ధతిని కలకత్తాలో రోజర్స్, మ్యూర్ అనే డాక్టర్లు మెరుగుపరిచారు. కెర్ దాన్ని డిచ్‌పల్లిలో అమలుచేసింది. ఆ సూది నొప్పి గురించి మా నాయనమ్మ మేనమామ చచ్చేదాకా చెప్పుకున్నాడట. రోగం ముదరకముందు వచ్చినవాళ్లకే కొంత గుణమిచ్చేది. అయినా ఆశ అనేది దొరికింది కదా! 1923లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932లో కన్నుమూసింది. భర్త 1938 దాకా ఉండి ఆ పని సాగించాడు.

తర్వాతి కాలంలో మందులు మారాయి. 1940లలో డాప్సోన్ వచ్చింది, 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చింది. 1995 నుంచి జపాను వారి నిప్పాన్ ఫౌండేషన్ సొమ్ముతో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా ఆ మాత్రలు దేశదేశాలకు ఉచితంగా చేరాయి. సీమ చందాకు అది మనుమరాలు వంటిది. 2005 చివరికి మన దేశంలో రోగుల సంఖ్య పదివేలకు ఒకరికంటే తగ్గింది.

చట్టం మాత్రం తాపీగా కదిలింది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016లో గాని రద్దు కాలేదు. ఈ రోగం ఉందని విడాకులడిగే వీలు 2019 దాకా ఉండింది.

నాయనమ్మ మేనమామ పుండ్లు మాని, ఎవరి సాయమూ లేకుండా కోరుట్లకు నడిచి వచ్చిండట. జగిత్యాల చుట్టాలు చూడ్డానికి రాలేదు. సిరిసిల్ల నుంచి ఆయన బిడ్డకు ఖాయమైన సంబంధం తప్పిపోయింది. ఇంట్లో ఆయనకు వేరే ఇత్తడి చెంబు పెట్టారు. ఆయన పోయినంక దాన్ని ఎవరూ ముట్టలేదు. నా చిన్నతనంలో అది పెరట్లో జామచెట్టు మొదట్లో పడి ఉండేది.