ఆచార్య ఫాన్ కార్మన్

ఫ్రెంచి విమాన కర్మాగారములలో, రెక్క విమానదేహముతో కలియు మూలను కప్పు వంపురేకునకు కార్మన్ అని పేరు. దానిని బిగించు పనివారిలో అది ఒక ఆచార్యుని ఇంటిపేరని ఎరిగినవారు ఎందరుందురో! తరగతిగదిలో గణితము బోధించిన పండితుని పేరు కర్మాగారపు సామానునకు ఎట్లు వచ్చినదో తెలిపినచో ఆయన జీవితకథను చాలవరకు చెప్పినట్లే.

థియొడోర్ ఫాన్ కార్మన్ 1881 మే 11న హంగరీ రాజధానియగు బుడాపెస్టులో ఒక యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి మోర్ కార్మన్ ఆ దేశపు ఉన్నత పాఠశాలలను సంస్కరించిన విద్యావేత్త. ఆరేండ్ల ప్రాయముననే ఈ బాలుడు పెద్ద పెద్ద సంఖ్యలను మనస్సులోనే గుణించి చెప్పుచుండెను. మన యిండ్లలోనైనచో అట్టి బిడ్డను వచ్చిన ప్రతి చుట్టము నెదుటను నిలిపి లెక్కలు చెప్పించి యుందుము. ఆ తండ్రి మాత్రము కుమారుడు వింతవస్తువుగా మారునని వెరచి, గణితమును మాన్పించి, భూగోళమును చరిత్రను చదివించెను.

1902లో ఇంజనీరు పట్టము పొందిన కార్మన్ 1906లో జర్మనీలోని గోటింజెన్ చేరి, లుడ్విగ్ ప్రాంట్ల్ కడ 1908లో డాక్టరేటు పొందెను. ఆ ఏడే పారిస్‌లో హెన్రీ ఫార్మన్ విమానము నడుపుట చూచెను.

గోటింజెన్‌లో ఒక విద్యార్థి నీటికాలువలో గుండ్రని స్తంభమును నిలిపి, దానిపై నీటి ఒత్తిడిని కొలువ యత్నించుచుండెను. నీరు నిలుకడగా పారక ఊగుచుండెను. స్తంభము నునుపు చాలలేదని అతడు మరల మరల సరిచేయుచుండెను. కార్మన్ ప్రతి ఉదయము వచ్చి ప్రవాహము కుదిరినదా యని అడుగుట, లేదని అతడు చెప్పుట పరిపాటియయ్యెను. తప్పు స్తంభములో లేదనియు, ఊగుటయే ఆ ప్రవాహపు స్వభావమనియు కార్మన్‌కు తోచెను. సుడులు స్తంభము వెనుక ఒకమారు కుడివైపున, ఒకమారు ఎడమవైపున విడివడునని 1911లో ఆయన లెక్కగట్టి చూపెను. గోదావరి వంతెన స్తంభముల దిగువ నిలిచి నీటిని చూచినవారు ఇట్టి సుడులను చూచియే యుందురు.

1913లో ఆయన ఆకెన్ నగరమున ఆచార్యుడయ్యెను. లోగడ అక్కడనే ఆచార్యుడుగా నుండిన హ్యూగో యుంకర్స్ విమాన నిర్మాతయయ్యెను. కార్మన్ ఆయనకు సలహాదారు. పాఠము చెప్పు చేతితోనే కర్మాగారపు చిక్కు విప్పు అలవాటు ఇట్లు కుదిరినది.

గుగ్గెన్‌హైమ్ నిధి ధనముతో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాలయమున వెలసిన విమానశాస్త్ర ప్రయోగశాలకు 1930లో డైరెక్టరుగా, తల్లితోను చెల్లెలితోను అమెరికా చేరెను. 1933లో హిట్లరు అధికారమునకు రాగా ఆకెన్‌తో సంబంధము తెగిపోయెను.

ఆ ప్రయోగశాలలో పది అడుగుల వ్యాసముగల గాలిసొరంగముండెను. గాలి గంటకు సుమారు 200 మైళ్ల వేగముతో వీచును. చుట్టుపట్ల నున్న డగ్లస్, నార్త్రాప్ మొదలగు కంపెనీలు తమ నమూనాలను అక్కడకు తెచ్చుచుండెను. నార్త్రాప్ ఆల్ఫా నమూనాలో రెక్క మొదట గాలి చెదరి, తోకను అదరగొట్టుచున్నట్లు తేలినది. ఆ మూలను వంపుగా పూడ్చి చూడగా గాలి సాఫుగా సాగెను. మొదట చెప్పిన రేకు ఇదియే. డగ్లస్ వారి డి.సి.-1 కూడ ఆ సొరంగమున పరీక్షింపబడి, 1933 జులై 1న ఎగిరినది. దాని సంతతియగు డి.సి.-3 1935 డిసెంబరు 17న ఎగిరినది. మనలో పెద్దలకు అది డకోటాగా సుపరిచితము. బేగంపేట నుండి దక్కన్ ఎయిర్‌వేస్ వారు నడిపినవి, 1949లో నాగపూరు కూడలిగా రాత్రిపూట తపాలా మోసినవి డకోటాలే.

1936లో ఫ్రాంక్ మాలినా అను విద్యార్థి రాకెట్లపై పరిశోధన చేయుదునని రాగా, పలువురు నవ్విన ఆ విషయమునకు కార్మన్ అనుమతినిచ్చెను. మాలినాతో చేరిన పార్సన్స్, ఫోర్మన్‌లు విద్యాలయ విద్యార్థులు కూడ కారు. ప్రేలుళ్ల భయముచే తోటివారు వారిని ఆత్మహత్యా దళమని పరిహసించిరి. 1941 ఆగస్టులో వారి రాకెట్ల సాయముతో ఒక చిన్న విమానము నేలవిడిచెను. తయారు చేయుటకు పెద్ద కంపెనీలు ముందుకు రాకపోగా, 1942లో కార్మన్, శిష్యులు, హేలీ అను న్యాయవాది కలిసి ఏరోజెట్ సంస్థను నెలకొల్పిరి. చంద్రయాత్ర చేసిన అపోలో సర్వీసు మాడ్యూలు ఇంజను ఆ సంస్థదే.

అయితే ఈ పొత్తు సైన్యముతో కూడ ముడిపడినది. దాని వెల శిష్యులు చెల్లించిరి. ఆయన ప్రియశిష్యుడు, చైనీయుడగు చియెన్ శ్వేసెన్, కమ్యూనిస్టను అనుమానముపై 1950లో రహస్య పరిశోధనలకు అర్హత కోల్పోయి, నిర్బంధముల పాలై, 1955లో చైనా చేరి ఆ దేశపు క్షిపణులకు మూలపురుషుడయ్యెను. ఆచార్యుడు శిష్యుని పక్షమున నిలిచినను ఫలింపలేదు. తాను పెంచిన ప్రయోగశాలలో ఎవరుండవలెనో నిర్ణయించు అధికారము అప్పటికి ఆయన చేతిలో లేదని నాకు తోచును.

ఆ ప్రయోగశాలకు కార్మన్ రప్పించిన హాన్స్ లీప్‌మన్ కడ 1951లో డాక్టరేటు పొందిన భారతీయుడు సతీశ్ ధవన్. శ్రీహరికోట కేంద్రము 2002 నుండి ఆయన పేరుతోనే నడచుచున్నది.

కార్మన్ వివాహమాడలేదు. 1963 ఫిబ్రవరిలో కెనడీ చేతులమీదుగా అమెరికా జాతీయ విజ్ఞాన పతకమును మొట్టమొదట అందుకొనెను. మెట్లు దిగునప్పుడు తడబడగా అధ్యక్షుడు చేయందింపబోయెను. దిగువారికి కాదు, ఎక్కువారికే సాయము కావలెనని ఆయన నవ్వుచు వారించెను. ఆ మే నెల 6న, ఎనుబదిరెండవ పుట్టినరోజునకు అయిదు దినములు ముందు, ఒకప్పుడు విడిచిపోయిన ఆకెన్ నగరముననే కన్నుమూసెను.